కొత్త బండి ఆయిల్ తాగదన్నారు

పి.గన్నవరం,
1988 ఫిబ్రవరి 9

తమ్ముడు లాజరుకి అక్క జ్ఞానమ్మ రాస్తున్నది,

అందరం బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. పొయ్యి వెలిగిస్తున్నాను, కోళ్లకు నూకలు వేస్తున్నాను. అంతవరకే రాయగలను. నా చదువు మిషన్ బళ్లో నాలుగో తరగతితో ఆగిపోయింది, అక్షరాలు అటూ ఇటూ అయితే నువ్వే సర్దుకుని చదువుకో.

నా బిడ్డ శాంతికుమార్ పోయి రెండు నెలలు దాటింది. ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక సంగతి అడగాలి. రాజమండ్రిలో లారీ షెడ్డులో ఇన్నేళ్ల నుంచీ ఇంజన్లు విప్పుతున్నావు, కాబట్టి నిన్నే అడగాలి.

వాడు పోయాక పెట్టిన ఆదరణ కూటానికి మల్లేశ్వరరావుగారు వచ్చారు కదా. వాడు తోలిన వ్యాను ఆయనదే, వాడు మోసిన కొబ్బరికాయలూ ఆయనవే. వ్యాపారం వదిలి వచ్చి పందిట్లో పాస్టరుగారి పక్కన కూర్చున్నారు, బియ్యం బస్తా పంపించారు, ఆయన మంచితనం కాదనను. కానీ ఆయన పాస్టరుగారితో అన్న మాట మంచినీళ్లు ఇస్తూ నేను విన్నాను. "కుర్రాడు బంగారం అండి. కొత్త బండి కదా అని ఆయిల్ చూసుకోలేదు, అదొక్కటే. చూసుకునుంటే ఇంజన్ పట్టేసేది కాదు, వాడు నడి రోడ్డు మీద దిగే పనే ఉండేది కాదు."

మిగతాది నీకు తెలుసు. జొన్నాడ వంతెన దాటాక బండి ఆగిపోయింది, వెనక వచ్చేవాళ్లకు గుర్తుగా ఉంటుందని వాడు రోడ్డు మీద కొమ్మలు పరుస్తున్నాడు, మంచులో లారీవాడికి కనబడలేదు. ఆ లారీ అతన్ని నేనేమీ అనుకోవడం లేదు. నేను అడిగేది బండి ఎందుకు ఆగింది అని.

వాడు రోజూ పొద్దున్నే ఆయిల్ చూసేవాడు లాజరూ. బండి కాలువ గట్టు దగ్గరే పెట్టేవాడు, మన ఇల్లు ఆ గట్టు కిందే కాబట్టి వాకిట్లో నిలబడితే నాకు అంతా కనబడేది. సీటు ఎత్తి, ఆ పొడుగాటి పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దూర్చి, మళ్లీ లాగి, వెలుతురుకి పెట్టి చూసేవాడు. ఆ గుడ్డలు ఉతికింది నేను. సబ్బుకి వదిలేవి కావు, కుంకుడుకాయ రసంలో నానేసేదాన్ని. చూడనివాడి గుడ్డలకు మరక ఎలా అవుతుంది?

అసలు బండి ఆయిల్ తాగడం అంటే ఏంటి? డీజిల్ తాగుతుంది, సరే. డీజిల్ తాగి నడుస్తుంది. మరి ఈ ఆయిల్ తాగి ఏం చేస్తుంది, ఎక్కడికి పోతుంది? పాత వ్యాను తెగ తాగుతుందని విసుక్కునేవాడు. దసరాకి కొన్న ఈ కొత్త జపాను రకం వ్యాను చుక్క కూడా తాగదని మురిసిపోయాడు. తాగని బండిలో ఆయిల్ ఎలా అయిపోతుంది? రోజూ చూసేవాడికి అయిపోయినట్టు ఎందుకు కనబడలేదు?

నాకు అర్థమయ్యేటట్టు రాయి. తీరిక లేదని తప్పించుకోకు.

మీ అక్క
జ్ఞానమ్మ


రాజమండ్రి,
20-2-88

అక్కకి,

నీ ఉత్తరం షెడ్డులోనే చదివాను, చేతి మసి అంతా దాని మీదే అయింది. ఆయిల్ ఎక్కడికి పోతుంది అని ఇన్నేళ్లలో ఏ డ్రైవరూ నన్ను అడగలేదు. ఎంత పోయాలి, ఎంతకి వస్తుంది, అంతే అడుగుతారు.

నువ్వు మూకుడు పెట్టి గారెలు వేస్తావు కదా. వేసేకొద్దీ నూనె తగ్గుతుంది. కొంత గారెలు తాగుతాయి, కొంత పొగలో పోతుంది. ఇంజన్ కూడా అంతే. అడుగున చాంబర్ అని తొట్టిలాంటిది ఉంటుంది, ఆయిల్ అందులో నిలవుంటుంది. అక్కడి నుంచి పంపు పైకి లాగి, రాసుకునే ఇనుము ఎక్కడుంటే అక్కడికల్లా పంపిస్తుంది. ఆయిల్ లేకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని, కాగి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. పట్టేసింది అనేది దాన్నే.

తాగడం అంటే ఏమిటంటే, పైకీ కిందికీ ఆడే పిస్టన్లకు రింగులు ఉంటాయి. గోడలకు అంటిన ఆయిల్‌ని అవి కిందికి తుడిచేస్తుంటాయి. పాత బండిలో రింగులు అరిగిపోయి, తుడవాల్సింది తుడవకుండా వదిలేస్తాయి. ఆ ఆయిల్ పైకి పోయి డీజిల్‌తో పాటు మండిపోతుంది. వెనక గొట్టంలోంచి నీలం పొగ వస్తే అదే. కొత్త బండిలో రింగులు బిగుతుగా ఉంటాయి.

పాతదానికి ఒక సుఖం ఉంది. అది తాగుతుందని అందరికీ తెలుసు కాబట్టి పోస్తూ ఉంటారు, అది నడుస్తూ ఉంటుంది. మా షెడ్డుకి వచ్చే ముసలి బళ్లు పొగ చిమ్ముకుంటూనే ఇంకా నాలుగేళ్లు తిరిగేట్టున్నాయి.

నువ్వు అడిగింది ఇదే కదా. ఇక ఆ సంగతి వదిలెయ్యక్కా. ఇంజన్ పట్టేసింది. ఎందుకు పట్టేసిందో ఆ దేవుడికే తెలియాలి. తవ్వుకుంటే వచ్చేదేముంది.

తమ్ముడు
లాజరు


పి.గన్నవరం,
మార్చి 14

తమ్ముడు లాజరుకి,

గారెల సంగతి బాగా అర్థమైంది. చివర రాసిందే అర్థం కాలేదు. చిన్నప్పుడు బెల్లం తిని, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడేవాడివి. ఈ ఉత్తరం చివర అలాగే ఉంది. ఆ బండిని జొన్నాడ నుంచి లారీకి కట్టి ఏ షెడ్డుకి లాక్కెళ్లారు? దాన్ని విప్పింది ఎవరు? నీకు తెలియకపోవడం ఏంటి? రాజమండ్రిలో ఏ బండి ఎక్కడ విప్పారో మీ వాళ్లందరికీ టీ తాగేలోపు తెలిసిపోతుందని నువ్వే చెప్పేవాడివి.

సరే, ఇంకో సంగతి. పాత వ్యానుని మల్లేశ్వరరావుగారు ముంగండలో ఇటుక బట్టీవాళ్లకు అమ్మేశారు కదా. అది ఇంకా తిరుగుతోంది. ఇటుకలు వేసుకుని గట్టు రోడ్డున పోతుంటే మోతని బట్టే గుర్తుపడతాను. మొదట్లో ఆ మోత వినబడితే లోపలికి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఇప్పుడు బయటికి వచ్చి చూస్తున్నాను. దానికంటే వయసులో ఎంతో చిన్నది, మెరుస్తూ వచ్చిన బండి రెండు నెలలకే చచ్చిపోవడం ఏంటి, తలుపులు తాళ్లతో కట్టిన ఇది తిరగడం ఏంటి అనిపిస్తుంది. మనుషుల్లోనూ అలాగే జరిగింది కదా, అందుకని కూడా అనిపిస్తుందేమో.

ఇప్పుడు దాన్ని తోలేది మన సంఘం అబ్బాయి జ్ఞానప్రకాశం. ఆదివారం గుడి అయ్యాక ఆపి అడిగాను. ఆయిల్ ఎంత తాగుతోంది నాయనా అన్నాను. నవ్వాడు. "ఏంటి పిన్నిగారూ, మీరూ బండి కొంటారా?" అన్నాడు. తర్వాత చెప్పాడు. అందరూ భయపెట్టినంత ఏమీ లేదంట. మా శాంతి పోసినదాంట్లో సగం పోస్తే సరిపోతోందంట. పొగ కూడా తగ్గిందంట.

ఇది నాకు విచిత్రంగా ఉంది. మనుషులకు ముసలితనంలో తిండి తగ్గినట్టు బళ్లకు కూడా తగ్గుతుందా? రింగులు అరిగేవే గాని పెరిగేవి కాదు కదా, నువ్వు రాసినదాన్ని బట్టి. ఇటుకలు కొబ్బరికాయల కంటే తేలికా? కావే. మరి సగం ఎలా సరిపోతోంది?

ఈ ప్రశ్నకి జవాబు రాయి. దానికంటే ముందు పై ప్రశ్నకి రాయి.

అక్క


రాజమండ్రి,
6-4-88

అక్కకి,

నీ దగ్గర దాచడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆ బండి మా షెడ్డుకే వచ్చింది. చాంబర్ విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. అడుగున గరిటెడు ఉందేమో, తారులాగా నల్లగా. అంతే. ఎక్కడైనా కారిపోయిందేమోనని గొట్టాలూ సీళ్లూ అన్నీ తడిమి చూశాం. ఎక్కడా లీకు లేదు.

అందుకే రాయలేదక్కా. అది చూశాక నాకూ మల్లేశ్వరరావుగారి మాటే నిజం అనిపించింది. రోజూ పుల్ల తీసి చూసేవాడి ఇంజన్ అలా ఉండదు. బహుశా పాత బండి రోజుల్లో చూసేవాడు, అదే నీ కళ్లలో ఉండిపోయింది అనుకున్నాను. కుర్రతనం, కొత్త బండి, పైగా అది తాగదని అందరూ చెప్పారు. ఎవరైనా ఏమరతారు.

ఆ తాగదనే మాట మటుకు తప్పు. కొత్త ఇంజను కూడా మొదట్లో తాగుతుంది. కొత్త చెప్పు కాలికి అలవాటు పడాలి కదా, అలాగే రింగులు గోడలకు అలవాటు పడేదాకా ఆయిల్ పోతుంది. దాని మీద నిండా లోడు వేసి రోజూ రాజమండ్రి తిప్పితే ఇంకా ఎక్కువ పోతుంది. పుస్తకంలో రోజూ చూడమనే రాసి ఉంటుంది. పుస్తకం ఎవరు చదువుతారు. పొగ కనబడకుండా కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డ్రైవరు ముందు ఎర్ర లైటు ఒకటి ఉంటుంది గాని, అది వెలిగేది పంపుకి ఆయిల్ అందనప్పుడే. బండి పక్కకి తీసేలోపే పని అయిపోతుంది.

పాత వ్యాను సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకు. ఇప్పుడు సగమే తాగుతోందని తెలిస్తే, అప్పట్లో మిగతా సగం ఏమైందని అడుగుతారు. ఆయిల్ డబ్బాలు బయట అమ్ముకునే డ్రైవర్లు ఉన్నారు. మనవాడు అలాంటివాడు కాదని నీకూ నాకూ తెలుసు. అడిగేవాళ్లకు ఏం తెలుసు?

కోపం తెచ్చుకోకు.

లాజరు


పి.గన్నవరం,
మే 11

లాజరుకి,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైపోయింది. జ్ఞానప్రకాశం నవ్వుకుంటూ టీ కొట్లో చెప్పాడంట, జ్ఞానమ్మ పిన్ని ఆయిల్ లెక్కలు అడుగుతోందని. అది కొబ్బరికాయల కొట్లో గుమాస్తా చెవిన పడింది. గుమాస్తా సంతలో పదిమందిలో అన్నాడంట, "ఆయిల్ బండి తాగిందో, డ్రైవరు తాగాడో" అని. మల్లేశ్వరరావుగారు మాత్రం ఏమీ అనలేదు. మొన్న గట్టు మీద ఎదురైతే మొహం పక్కకి తిప్పుకుని వెళ్లిపోయారు. అది అనడం కంటే ఎక్కువైంది.

చూసుకోనివాడు అన్నారు, ఇప్పుడు దొంగ అంటున్నారు. అడిగి అడిగి ఈ పేరు వాడికి నేనే తెచ్చిపెట్టాను.

నీ మీద కోపం వచ్చింది. తర్వాత వాడి మీద వచ్చింది. నిజం చెబుతున్నాను. నువ్వు చాంబర్‌లో గరిటెడు ఆయిల్ చూశానన్నాక, నా కళ్లనే నేను నమ్మలేకపోయాను. చూడకుండానే చూసినట్టు నటించావా, ఉత్తినే పుల్ల ఆడించావా అని వాడి ఫోటోని అడిగాను. బతికున్నవాడి మీద కోపం వస్తే అన్నం పెట్టేటప్పుడు కంచం గట్టిగా పెడతాం, తీరిపోతుంది. పోయినవాడి మీద వచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు.

మొన్న గాలివాన కొట్టి నా పొయ్యి రాయి ఒకటి కుంగిపోయింది. సరిచేసే ఓపిక లేక అలాగే దాని మీద చింతచిగురు పులుసు పెట్టాను. మట్టి దాక ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎంత ఉందో చూద్దామని గరిట ఇటు పక్క ముంచాను, అంచు దాకా ఉంది. అటు పక్క ముంచాను, గరిట అడుక్కి తగిలి చప్పుడైంది. పులుసు ఒక్కటే. ఇటు చూస్తే నిండుగా ఉంది, అటు చూస్తే లేదు. గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాను. పులుసు మాడిపోయింది కూడా.

మన లంకల్లో నేలంతా చదును. వాలు అనేది కాలువ గట్టుకే ఉంది. పాత వ్యానుకి సెల్ఫ్ సరిగా పని చేసేది కాదు. అందుకని బండిని గట్టు మీద నుంచి వీధిలోకి దిగే వాలులో ముక్కు కిందికి పెట్టి వదిలేవాడు. పొద్దున్న బ్రేకు వదిలితే బండి దానంతటదే జారేది, గేరు వేస్తే స్టార్టయ్యేది. ఇక్కడ వ్యాన్లవాళ్లందరిదీ అదే పద్ధతి. కొత్తదానికి ఆ అవసరం లేకపోయినా చెయ్యి అలవాటు పోక అక్కడే పెట్టేవాడు. బండి స్టార్ట్ చెయ్యక ముందే ఆయిల్ చూడాలంట కదా, ఆయిలంతా కిందికి దిగి ఉంటుందని. ఆ మాట వాడికి నేర్పింది నువ్వేనని చెప్పేవాడు. అందుకని ఆ వాలులోనే చూసేవాడు.

మరి ఆ తొట్టిలో ఆయిల్ కూడా నా పులుసులాగే ముక్కు పక్కకి పోతుందా? పుల్ల ఏ పక్క దూరుతుంది? పాత బండికి ఏ పక్క, కొత్త బండికి ఏ పక్క?

నాకు చాంబర్ ఎలా ఉంటుందో తెలియదు. నా మట్టి దాకే తెలుసు. నవ్వితే నవ్వు గాని, వెళ్లి చూసి రాయి.

అక్క


రాజమండ్రి,
2-6-88

అక్కకి,

నవ్వలేదు. నీ ఉత్తరం మా మేస్త్రీ వెంకటరత్నంగారికి చదివి వినిపించాను. మొదట ఆయన పట్టించుకోలేదు. వాలులో పెడితే ఎంత తేడా వస్తుందిలే, గోరంత వస్తుంది అన్నాడు. గోరంతో ఎంతో చూద్దాం పదండి అన్నాను.

శాంతి తోలిన రకం బండే ఒకటి సర్వీసుకి వచ్చింది. దాని ఓనరుని బతిమాలి కోటిలింగాల రేవు దగ్గరికి తీసుకెళ్లాం. రోడ్డు నుంచి రేవులోకి దిగే చోట ముక్కు కిందికి పెట్టాం. చుట్టూ జనం పోగయ్యారు. స్నానానికి వచ్చిన ఒక ముసలాయన, బండికి గోదావరి స్నానం చేయిస్తున్నారా అని అడిగాడు. కింద చాంబర్ బిరడా విప్పి, ఆయిల్ కొంచెం తియ్యడం, పుల్ల చూడడం, మళ్లీ తియ్యడం, మళ్లీ చూడడం. సగం పైగా తీసేశాక కూడా పుల్ల పై గీత దాకా తడిసే వచ్చింది అక్కా. ఆ బండికి పుల్ల ముందు పక్క దూరుతుంది. ముక్కు కిందికి ఉంటే ఉన్న ఆయిలంతా అక్కడికే చేరుతుంది. అదే బండిని తోసుకొచ్చి చదునులో పెట్టి, ఆయిల్ సర్దుకునేదాకా కాసేపు ఆగి చూశాం. పుల్ల కొసకి ఒక్క చుక్క అంటుకుంది. మనవాడి బండిలో మిగిలిన ఆ కాస్తా లోడు మీద కాగి మాడి, చివరికి మేం చూసిన గరిటెడు అయింది.

వెంకటరత్నంగారు బీడీ పారేసి, మళ్లీ ఒకసారి చూద్దాం అన్నాడు. మళ్లీ చూసినా అంతే.

పాత వ్యాను రకానికి పుల్ల వెనక పక్క ఉంటుంది. అది నాకు ఎప్పుడూ తెలిసిందే, కానీ ఎప్పుడూ ఆలోచించలేదు. ముక్కు కిందికి పెడితే ఆయిల్ వెనక నుంచి ముందుకి పోతుంది, పుల్లకి తక్కువ తగులుతుంది. నిండుగా ఉన్నా లేనట్టే చూపిస్తుంది. మనవాడు తక్కువైందనుకుని పోసేవాడు. ఎక్కువైన ఆయిల్‌ని ఇంజన్ ఉంచుకోదు. చిలికి, పైకి ఎగజిమ్మి, పొగ కింద తగలేస్తుంది. మర్నాడు చూస్తే మళ్లీ తక్కువ, మళ్లీ పోసేవాడు. ఇటుక బట్టీ చదును నేల మీద ఉంది కాబట్టి జ్ఞానప్రకాశానికి అసలు లెక్క కనబడుతోంది. సగం చాలుతోంది.

ఒకే వాలు. పాతదాన్ని తాగుబోతుని చేసింది, కొత్తదాన్ని చుక్క ముట్టనిదాన్ని చేసింది. ఏళ్ల తరబడి పాతదాంట్లో అక్కర్లేని ఆయిల్ పోశాడు, కొత్తదాంట్లో పోయాల్సింది పోయలేదు. రెండూ రోజూ చూసే చేసినవి. అసలు చూడనివాడైతే ఎప్పుడో ఒకసారి అనుమానపడి పోసేవాడేమో.

మల్లేశ్వరరావుగారి దగ్గరికి నేను వచ్చి చెప్పనా? వెంకటరత్నంగారు కూడా వస్తానన్నారు. నువ్వు చెబితే ఆడమనిషి మాట అని కొట్టిపారేస్తారేమో.

లాజరు


పి.గన్నవరం,
జూలై 19

తమ్ముడు లాజరుకి,

మీరెవరూ రానక్కర్లేకపోయింది. నేనే వెళ్లాను.

కొట్లో బస్తాల మధ్య మల్లేశ్వరరావుగారు కూర్చుని ఉన్నారు. కూర్చోమన్నారు, నేను నిలబడే చెప్పాను. పులుసు సంగతి చెప్పాను, నీ రేవు సంగతి చెప్పాను. గుమాస్తా నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఆయన మాత్రం వింటూ ఉండి, ఇంజన్లకీ పులుసుకీ పోలికేంటి జ్ఞానమ్మా అన్నారు. నాకు వాదించడం రాదు. ఒకటే అడిగాను. మీ బండి బాగై వచ్చింది కదండీ, ఇప్పుడు పల్లంరాజు తోలుతున్నాడు, అతను కూడా ఆ వాలులోనే పెడుతున్నాడు, రేపు పొద్దున్న వచ్చి మీ చేత్తో మీరే చూసుకోండి అన్నాను. ఆయన సరే అన్నారు.

మర్నాడు వచ్చారు. నలుగురైదుగురు డ్రైవర్లు కూడా వచ్చారు, వేడుక చూసినట్టు. పల్లంరాజు సీటు ఎత్తి పుల్ల తీసి చూపించాడు. పై గీత దాకా తడిగా ఉంది. "చూడండి బాబుగారూ, ఫుల్లుగా ఉంది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే" అన్నాడు. ఇది నిజంగానే నిండుగా ఉంటే ఏంటి గతి, అందరి ముందూ వాడిని మళ్లీ ఒకసారి దొంగని చేసినదాన్నవుతాను కదా అనిపించింది. అయినా స్టార్ట్ చెయ్యకుండా దింపమన్నాను. వాలు దించి, అందరూ కలిసి తోసి, రైసుమిల్లు ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లంలో పెట్టారు. కాసేపు ఆగమన్నాను, నువ్వు రాసినట్టే.

పల్లంరాజు పుల్ల తీశాడు. కింది గీత కూడా తడవలేదు.

మల్లేశ్వరరావుగారు పుల్ల తన చేతిలోకి తీసుకున్నారు. గుడ్డ ఇవ్వబోతే వద్దని, తెల్లటి కండువాతోనే తుడిచి, తనే దూర్చి, తనే లాగి చూశారు. మళ్లీ తుడిచారు, మళ్లీ చూశారు. కండువా నిండా నల్ల మరకలు. అప్పుడు నా వైపు తిరిగి అన్నారు. "మీవాడు చూసుకున్నాడు జ్ఞానమ్మా. రోజూ చూసుకున్నాడు. తెలియక అన్నది నేను."

గుమాస్తా అక్కడే ఉన్నాడు. ఆయన అతన్ని పిలిచి, సంతలో ఏ నోటితో అన్నావో ఆ నోటితోనే మళ్లీ సంతలో చెప్పు, మర్చిపోతే నేను గుర్తు చేస్తాను అన్నారు. చెప్పాడంట. జ్ఞానప్రకాశం వచ్చి చెప్పాడు.

పేరు కడిగేస్తే నా బరువు దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. చూసుకోలేదన్నన్నాళ్లూ కోపంగా ఉండేది, చూసుకున్నాడని తేలాక ఆ కోపం పోయి ఉత్త ఏడుపే మిగిలింది. కళ్లంలో ఆ పుల్ల చూడగానే నాకు మొట్టమొదట ఏం తోచిందో తెలుసా? ఇంటికి పోయి వాడికి చెప్పాలి అని. ఒరేయ్, వాలు మీద చూడకురా, చదునులో పెట్టి చూడు, ఎందుకో చెబుతాను విను అని. అంత దూరం నడిచి వాకిట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ నిన్ను అడిగినవన్నీ వాడికి చెప్పడానికే నేర్చుకున్నానేమో. వింటే మధ్యమధ్యలో వెక్కిరించేవాడు, కానీ వినేవాడు.

ఇప్పుడు ఇక్కడ డ్రైవర్లు బళ్లు వాలులోనే పెడుతున్నారు. సెల్ఫులు బాగుచేయించుకునే ఓపిక వాళ్లకు ఎక్కడిది. కానీ ఆయిల్ చూడ్డానికి మాత్రం ముందు రోజు సాయంత్రమే రైసుమిల్లు కళ్లంలో కాసేపు ఆపి, ఇంజన్ చల్లారాక చూసి, అప్పుడు గట్టు ఎక్కిస్తున్నారు. పాత బండివాళ్లు ఆయిల్ ఖర్చు తగ్గిందని సంతోషంగా ఉన్నారు. కొత్త బళ్లవాళ్లకు భయం పట్టుకుంది, అది మంచిదే.

సాయంత్రాలు నేను అటు వెళ్లి నిలబడుతున్నాను. జ్ఞానమ్మకి మతి చలించిందని కొందరు అనుకుంటున్నారు. పల్లంరాజు మాత్రం ఏమీ అనడు. అతను శాంతి కంటే రెండు మూడేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లలు. నేను అడగకపోయినా పుల్ల తెచ్చి నా ముందు పెడతాడు. నేను చూసి సరే అంటాను, అప్పుడు బండి ఎక్కుతాడు.

నిన్న గీతకి కాస్త కిందుంది. పొయ్యి నాయనా అన్నాను. పోశాడు, మళ్లీ చూపించాడు. బండి గట్టెక్కి ఇంజన్ ఆగేదాకా అక్కడే నిలబడి, ఇంటికి వచ్చి, చాలా రోజుల తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను.

అక్క
జ్ఞానమ్మ